తకత పైన్ వనం, దాని వెనక ఊరు

జపాన్ ప్రధాన ద్వీపమైన హోన్షు ఈశాన్య తీరంలో, ఇవాతె రాష్ట్రానికి దక్షిణపు కొసన హిరొత అఖాతం ఉంది. కెసెన్ నది కొండల్లోంచి దిగి ఆ అఖాతంలో కలిసే చోట పల్లపు మైదానం. ఆ మైదానంలోనూ చుట్టూ ఉన్న కొండవాలుల్లోనూ పరుచుకున్న ఊరు రికుజెన్‌తకత. మూడు పట్నాలనూ ఐదు పల్లెలనూ కలిపి 1955 జనవరి 1న దీన్ని నగరం చేశారు. పేరుకు నగరమే గానీ 2011 మొదట్లో జనాభా 24 వేల పైచిలుకు. ఆ ఏడాది మార్చి 11న వచ్చిన సునామీలో వాళ్లలో 1,700 మందికి పైగా చనిపోయారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. ఊరికీ సముద్రానికీ నడుమ ఒకప్పుడు పైన్ వనం, దాని వెనక వీధులు ఉన్న చోట ఇప్పుడు సుమారు 130 హెక్టార్ల స్మారక ఉద్యానం ఉంది. దాని పేరు తకత మత్సుబర సునామీ పునర్నిర్మాణ స్మారక ఉద్యానం. మత్సుబర అంటే పైన్ చెట్ల బయలు.

ఈ తీరాన్ని సన్రికు అంటారు. ఇక్కడ కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. కొండ కొండకూ మధ్య సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి అఖాతాలుగా ఏర్పడింది. వీటిలో చాలావాటికి మూతి వెడల్పు, లోపలికి పోయేకొద్దీ ఇరుకు. చేపల పడవలకు, గుల్లల పెంపకానికి ఇంతకన్నా మంచి రేవులు దొరకవు. సునామీ వస్తే మాత్రం ఆ ఆకారమే శత్రువు అవుతుంది: గరాటులోకి పోసినట్టు నీరంతా ఇరుకులోకి తోసుకొచ్చి పైకి లేస్తుంది. సన్రికు పల్లెల్లో చాలావాటికి కొండకూ అలకూ మధ్య నాలుగు వీధుల చోటు కూడా ఉండదు. తకతకు మాత్రం విశాలమైన మైదానం దొరికింది. వరి పండింది, బజారు పెరిగింది, రైలు వచ్చింది. ఊరు సముద్రం వైపు జరగడానికి అదే కారణం, 2011లో నష్టం అంత ఎక్కువ కావడానికీ అదే కారణం.

పైన్ వనం ప్రకృతి ఇచ్చింది కాదు, మనుషులు పెంచింది. ఇసుక, ఉప్పుగాలి కలిసి తీరం వెనక ఉన్న పొలాలను పాడుచేస్తుంటే 1667లో తకతకు చెందిన కన్నొ మొకునొసుకె అనే సంపన్నుడు సెందాయ్ సంస్థానం ఆదేశంతో మొక్కలు నాటించడం మొదలుపెట్టాడు. ఇసుకలో నాటిన పైన్ మొక్క బతకడం తేలిక కాదు. చాలా చచ్చాయి, మళ్లీ నాటించారు. అర్ధశతాబ్దం తరవాత నదికి అవతల ఉన్న ఇమైజుమి గ్రామంలో మత్సుజక షిన్ఎమొన్ ఆ పనిని అందుకున్నాడు. కోస్తాంధ్రలో గాలికి అడ్డుగా సరుగుడు తోటలు వేసినట్టే అక్కడ నల్ల పైన్, ఎర్ర పైన్ వేశారు. తేడా ఏమిటంటే, సరుగుడు తోట కొన్నేళ్లకే నరుకుడుకు వస్తుంది. తకత వనాన్ని మూడువందల ఏళ్లకు పైగా నరకకుండా, తరం తరవాత తరం చచ్చిన చోట కొత్త మొక్క పెడుతూ కాపాడారు. 2011 నాటికి రెండు కిలోమీటర్ల తీరం వెంట 70 వేల చెట్లు ఉన్నాయి. 1940లో ప్రభుత్వం దీన్ని జాతీయ సుందర ప్రదేశంగా ప్రకటించింది. వేసవిలో చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం ఈతకు వచ్చేవారు. ఊళ్లో పుట్టి పెరిగిన వాళ్లలో ఆ చెట్ల నీడన బడి విహారానికి వెళ్లనివాళ్లు ఉండరు.

ఆ వనం మీద ఊరికి ఉన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. సన్రికు తీరాన్ని 1896 జూన్ 15న ఒక పెద్ద సునామీ ముంచింది, తీరమంతటా దాదాపు 22 వేల మంది పోయారు. 1933 మార్చి 3న మరొకటి, దాదాపు 3 వేల మంది. 1960 మేలో పసిఫిక్‌కు ఆవలి ఒడ్డున చిలీలో భూకంపం వస్తే, ఆ అల మహాసముద్రమంతా దాటి మే 24న ఇక్కడికి చేరింది. భూమి కదలకుండానే సముద్రం మీద పడడం ఈ తీరం వాళ్లకు వింత. మూడు సార్లూ పైన్ వనం దెబ్బతింది, మూడు సార్లూ నిలిచింది. వనం వెనక తకత పట్నం కూడా తుడిచిపెట్టుకుపోలేదు. హిరొత వంటి అఖాతపు అంచు పల్లెలకు తగిలిన దెబ్బ పట్నానికి తగలలేదు. చిలీ సునామీ తరవాత 1960లలో వనానికి వెనక 5.5 మీటర్ల ఎత్తున కాంక్రీటు కరకట్ట కట్టారు. ముందువైపు మూడు మీటర్ల కట్ట ఉండనే ఉంది. ఇలా ఒక్కో ఉప్పెన ఊరికి ఒక్కో కొలత ఇచ్చి వెళ్లింది: నీరు ఎంత దూరం వచ్చింది, ఎంత ఎత్తు లేచింది, ఏ ఇంటి గడప దగ్గర ఆగింది. ఆ కొలతలను జాగ్రత్తగా రాసిపెట్టుకున్నారు. కట్టలూ ఆశ్రయస్థలాలూ వాటి లెక్కతోనే ఏర్పాటయ్యాయి. ఇందులో అజాగ్రత్త ఏమీ లేదు. జపాన్‌లోనే ఈ తీరం వాళ్లంత జాగ్రత్తపరులు తక్కువ.

2011 మార్చి 11 శుక్రవారం. మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు సముద్రం అడుగున 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2 గంటల 49 నిమిషాలకు జపాన్ వాతావరణ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. అంత త్వరగా లెక్కకట్టినప్పుడు భూకంపం తీవ్రత 7.9 అనే తేలింది, దాన్నిబట్టి ఇవాతె తీరానికి మూడు మీటర్ల అల వస్తుందన్నారు. తకతలో కరకట్ట ఎత్తు 5.5 మీటర్లు. మూడు మీటర్లు అన్న మాట విన్నవాళ్లకు మనసులో జరిగిన తీసివేత ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. 3 గంటల 14 నిమిషాలకు అంచనాను ఆరు మీటర్లకు పెంచారు గానీ అప్పటికి కరెంటు లేదు, ఆ మాట విన్నవాళ్లు కొద్దిమందే. 3 గంటల 25 నిమిషాల ప్రాంతంలో అల కట్ట దాటింది. 3 గంటల 31 నిమిషాలకు అంచనా పది మీటర్లకు పైగా అని మారేటప్పటికి పట్నం నీటిలో ఉంది. ఊళ్లో నీరు 14 మీటర్లు దాటి లేచింది.

ఊళ్లోని సుమారు 8 వేల ఇళ్లలో సగం పోయాయి. ఇళ్ల కన్నా ఎక్కువగా ఊరిని ఇప్పటికీ బాధించేది ఆశ్రయస్థలాల సంగతి. భూకంపం రాగానే వెళ్లి చేరవలసిన చోట్లని నగరం ముందే 67 స్థలాలను నిర్ణయించింది. వాటిలో 38 మునిగిపోయాయి. తొమ్మిది చోట్ల కలిపి మూడువందల మందికి పైగా చనిపోయి ఉంటారని నగరమే తరవాత జరిపించిన పరిశీలనలో తేలింది. నగర వ్యాయామశాలలో చేరినవాళ్లలో బతికినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లు నిర్లక్ష్యం చేసి చనిపోలేదు, చెప్పిన చోటికి చెప్పినట్టే వెళ్లి చనిపోయారు. నగర పాలక సిబ్బందిలో 111 మంది పోయారు. కట్ట తలుపులు మూయడానికి, జనాన్ని పైకి పంపడానికి వెళ్లిన స్వచ్ఛంద అగ్నిమాపక దళం సభ్యులు 51 మంది పోయారు. నగర మ్యూజియంలో పనిచేసేవాళ్లంతా పోయారు. పాలన నడిపేవాళ్లే నాలుగో వంతు లేకుండా పోయిన ఊరు ఆ తరవాతి పదేళ్లలో తన శిథిలాలనూ సమాధులనూ భూమి పట్టాలనూ చక్కబెట్టుకోవలసి వచ్చింది.

పైన్ వనంలో మిగిలింది ఒకే ఒక్క చెట్టు. కెసెన్ నది వైపు కొసన, 27 మీటర్లకు పైగా ఎత్తు, వయసు 173 ఏళ్లు. దాని ముందు మూతపడిన యూత్ హాస్టల్ భవనం ఉండడం వల్ల అల ఊపు కొంత తగ్గిందనీ, కొమ్మలు బాగా పైన ఉండడం వల్ల కొట్టుకొచ్చిన శిథిలాలు తగల్లేదనీ చెబుతారు. దేశమంతటా దాన్ని అద్భుత పైన్ అన్నారు. అయితే నేల అర మీటరుకు పైగా కుంగింది, వేళ్లు ఉప్పునీటిలో నానాయి. చుట్టూ ఇనుప పలకలు దింపి ఉప్పునీటిని తోడినా లాభం లేకపోయింది. 2012 మేలో చెట్టు చచ్చిందని నిర్ధారించారు. సెప్టెంబరులో నరికి, మొద్దును తొలిచి లోపల కార్బన్ ఫైబర్ దూలం పెట్టి, కొమ్మలూ ఆకులూ కృత్రిమంగా చేయించి 2013 జులైకి మళ్లీ నిలబెట్టారు. దాదాపు 15 కోట్ల యెన్ ఖర్చు, అంతా విరాళాలే. ఇళ్లు లేనివాళ్లు తాత్కాలిక గదుల్లో ఉండగా చచ్చిన చెట్టుకు అంత డబ్బా అని ఊళ్లోనూ బయటా అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆనవాలు చెప్పుకోవడానికి ఒక వీధి మూల గానీ, గుడి మెట్టు గానీ, స్టేషన్ గడియారం గానీ మిగలని ఊరికి, తన చోటు ఇదీ అని చూపించుకోవడానికి ఉన్న గుర్తు అదొక్కటే. చెట్టు చచ్చేలోపు తీసిన కొమ్మలను అంటుకట్టి, దాని సంతతి మొక్కలను బతికించారు.

ఏ శిథిలాన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి అన్న విషయంలో నగరం ఒక నియమం పెట్టుకుంది. మనుషులు చనిపోయిన భవనాలను ఉంచకూడదు, ఎవరూ చనిపోని భవనాలనే ఉంచాలి. అందుకే పాత నగర కార్యాలయం లేదు, వ్యాయామశాల లేదు. చనిపోయినవాళ్ల బంధువులు రోజూ ఆ దారినే పోవాలి గదా. ఈ నియమం వల్ల చరిత్రకు సాక్ష్యం కొంత పోయిందన్న మాట నిజమే. అయినా పర్యాటకుడి కళ్ల కన్నా ఊరివాళ్ల కళ్లు ముఖ్యమని తీసుకున్న నిర్ణయం అది. దాన్ని తప్పు పట్టడం కష్టం. అలా మిగిలిన భవనాలు ఉద్యానంలోనూ దాని పక్కనా ఉన్నాయి: అద్భుత పైన్ పక్కన యూత్ హాస్టల్, జాతీయ రహదారి 45 పక్కన తపిక్ 45 అనే భవనం, షిమొజుకు అనే చోట ఐదంతస్తుల నివాస భవనం, నదికి అవతల కెసెన్ మిడిల్ స్కూల్.

ఊరిని మళ్లీ ఎక్కడ కట్టాలన్నది అన్నిటికన్నా పెద్ద తగాదా. కొండ మీదికి పోదామంటే అంత చదును నేల లేదు. ఉన్న చోటే కడదామంటే మళ్లీ పల్లమే. చివరకు మెరక తోలడమే దారి అన్నారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇల్లు కట్టబోయే ముందు పల్లపు స్థలానికి మెరక తోలడం అందరికీ తెలిసిన పనే. ఇక్కడ ఒక పట్నం మొత్తానికి పది మీటర్లకు పైగా మెరక తోలారు. మట్టి కోసం నదికి అవతల ఇమైజుమి వెనక 120 మీటర్లకు పైగా ఎత్తున్న కొండను 50 మీటర్ల దాకా తవ్వి దించారు. లారీలతో తోలితే తొమ్మిదేళ్లు పట్టే పని. అందుకని నది మీదుగా సుమారు మూడు కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు వేశారు. నది దాటించే వేలాడే వంతెనకు బడిపిల్లలు ఆశల వంతెన అని పేరు పెట్టారు. 2014 మార్చి నుంచి 2015 సెప్టెంబరు దాకా ఏడాదిన్నరలో 50 లక్షల ఘనపు మీటర్ల మట్టి ఆ బెల్టు మీద వచ్చింది. కొండ ఖాళీ అయిన చోటు కూడా ఇళ్ల స్థలాలుగా మారింది. ఆ రోజుల్లో ఊరికి వచ్చినవాళ్లకు ముందు కనిపించేది ఆకాశంలో సాలెగూడులా అల్లుకున్న ఈ బెల్టే, తరవాతే చెట్టు. బెల్టును విప్పేశాక దాని దిమ్మ ఒకటి గుర్తుగా మిగిలింది.

కొత్త నేల గట్టిపడి, కొలతలు వేసి, పట్టాలు తిరిగి పంచేటప్పటికి ఏళ్లు పట్టాయి. 2017 ఏప్రిల్‌లో మెరక నేల నడుమ అబస్సె తకత అనే వ్యాపార సముదాయం తెరిచారు. గ్రంథాలయం కూడా అందులోనే. 2021లో కొత్త నగర కార్యాలయం, 2022 నవంబరులో మ్యూజియం వచ్చాయి. మ్యూజియం సేకరణలో 4 లక్షల 60 వేల వస్తువులను బురదలోంచి వెలికితీశారు. వాటి ఉప్పు కడిగే పని ఏళ్ల తరబడి సాగింది. రైలు మాత్రం తిరిగి రాలేదు. పట్టాల దారిని రోడ్డు చేసి బస్సులు నడుపుతున్నారు. అన్నిటికన్నా మింగుడుపడని సంగతి ఖాళీ స్థలాలు. మెరక తోలిన నేలలో దాదాపు సగం మీద ఏమీ కట్టలేదు. ఎదురుచూసి ఎదురుచూసి కొందరు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు, కొందరు ముందే కొండ మీద ఇల్లు కట్టుకున్నారు, ముసలివాళ్లు కొందరు పోయారు. పునర్నిర్మాణం ఫొటోల్లో ఈ గడ్డి బయళ్లు కనిపించవు. ఊరి చరిత్ర రాసేటప్పుడు వాటిని వదిలేస్తే లెక్క తప్పుతుంది.

ఉద్యానానికి రావాలంటే తోక్యో నుంచి వేగరైలులో ఇచినొసెకి దాకా, అక్కడి నుంచి మామూలు రైలులో కెసెన్నుమ దాకా, ఆపైన బస్సు. ఉద్యానం దగ్గరి బస్సు స్టేషన్ పేరే అద్భుత పైన్. రహదారి పక్కన ఒక తెల్లటి పొడవాటి భవనం కనిపిస్తుంది. వాస్తుశిల్పి నైతొ హిరొషి రూపకల్పన. మధ్యలో భవనాన్ని చీల్చినట్టు తెరిచిన ద్వారం, ఒక పక్క ఇవాతె సునామీ స్మారక మ్యూజియం, రెండో పక్క దారి మజిలీ దుకాణాలు. రెండూ 2019 సెప్టెంబరు 22న తెరిచారు. ఉద్యానం మొత్తం పని పూర్తయి తెరుచుకున్నది 2021 డిసెంబరులో. ఇందులో ఒక భాగం కేంద్ర ప్రభుత్వం నిర్మించిన జాతీయ స్మారక స్థలం. ఇలాంటివి ఇవాతె, మియాగి, ఫుకుషిమ రాష్ట్రాల్లో ఒక్కోటి ఉన్నాయి.

మ్యూజియం ప్రవేశం ఉచితం. నాలుగు విభాగాలు ఉన్నాయి. మొదటిది తీరం చరిత్ర, రెండోది ఆ రోజు జరిగినది. అందులో తనొహత గ్రామపు అగ్నిమాపక వాహనం ఉంది, కాగితం నలిపినట్టు నలిగిన ఇనుము. కెసెన్ నది మీది వంతెన దూలం వంగిపోయి అలాగే ఉంది. నీటి బలం గురించి ఎన్ని అంకెలు చెప్పినా ఈ రెండు ఇనుప ముక్కలు చెప్పినట్టు చెప్పలేవు. మూడో విభాగంలోనే సందర్శకుడు ఎక్కువసేపు నిలబడాలి. ఎవరు ఎప్పుడు ఏ నిర్ణయం తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, దాని ఫలితం ఏమైంది అన్నది అక్కడి విషయం. బతికినవాళ్ల మాటలు ఉన్నాయి. వెనక్కి వెళ్లిన మనిషి ఎందుకు వెళ్లాడో ఆ మాటల్లో తెలుస్తుంది. సహాయం అందించడానికి రోడ్లను ఎలా తెరిచారో చూపించే చోట తొహొకు ప్రాంతీయ అభివృద్ధి కార్యాలయపు ఆపత్కాల గదిని ఉన్నదున్నట్టు తిరిగి అమర్చారు. లోపలి పెద్ద రహదారిని వెన్నెముకగా పెట్టుకుని, దాని నుంచి తీరంలోని ఒక్కో ఊరికీ ఒక్కో దారి తెరుచుకుంటూ పోయిన ఆ పద్ధతికి దువ్వెన పళ్ల పని అని పేరు. ఆఖరి విభాగం పునర్నిర్మాణం గురించి. అది త్వరగా చూసి రావచ్చు, ఎందుకంటే బయట ఉన్నదే అది.

భవనం మధ్య ద్వారం నుంచి సముద్రం దాకా ఒక తిన్నని దారి వేశారు. దాన్ని ప్రార్థన దారి అంటారు. ద్వారం కింద నీటి మడుగు, దాటాక ఫురుకవనుమ అనే ఉప్పుటేరు లాంటి చెరువు. సునామీ రోజు ఈ చెరువూ సముద్రమూ ఒకటైపోయాయి, తరవాత వేరు చేసి బాగు చేశారు. వంతెన దాటి నడిస్తే ఎదురుగా కరకట్ట. కింద నుంచి చూస్తే గోడే తప్ప సముద్రం కనిపించదు. మెట్లెక్కి పైకి వెళ్తే పూలు పెట్టే వేదిక, దాని ఎదుట హిరొత అఖాతం మొత్తం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మార్చి 11న మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు ఊరంతా మౌనంగా తలవంచి నిలబడుతుంది.

ఈ కట్ట ఎత్తు 12.5 మీటర్లు, పొడవు సుమారు రెండు కిలోమీటర్లు. 2011 అల కన్నా ఇది తక్కువ ఎత్తు, తెలిసే అలా కట్టారు. కొన్ని పదుల ఏళ్లకో, నూటపాతిక ఏళ్లకో ఒకసారి వచ్చే అలను ఆపడం దీని పని. వెయ్యేళ్లకు ఒకసారి వచ్చే అల దీన్ని దాటుతుంది. అందుకే కట్ట వెనక పల్లంలో ఎవరూ నివాసం ఉండరు, ఆ పల్లమే ఉద్యానం. గోడ, ఖాళీ పల్లం, ఆ వెనక మెరక, ఇంకా వెనక కొండకు పోయే దారులు. ఒకదాన్నే నమ్ముకోకూడదని ఊరు నేర్చుకున్నది ఈ వరుసలో నేల మీదే కనిపిస్తుంది. వాతావరణ సంస్థ కూడా 2013 మార్చి నుంచి పద్ధతి మార్చుకుంది. ఎనిమిదిని మించిన తీవ్రత ఉండొచ్చన్న భూకంపం వస్తే మొదటి హెచ్చరికలో మీటర్ల లెక్క చెప్పదు, అతి పెద్ద అల అని మాత్రమే చెబుతుంది. మూడు మీటర్లు అన్న ఒక్క మాట ఎంతమందిని ఇళ్లలో ఉంచేసిందో చూశాక వచ్చిన మార్పు అది.

తపిక్ 45 అనేది 1991లో తెరిచిన పాత దారి మజిలీ. దాని పైకప్పు స్టేడియం మెట్లలా ఏటవాలుగా పైకి పోతుంది. ఆ మెట్లెక్కి కొసకు చేరిన ముగ్గురు బతికారు. లోపల గోడలు చీలి, కప్పు నుంచి తీగలు వేలాడుతూ ఉన్నాయి. షిమొజుకు భవనంలో నాలుగో అంతస్తు దాకా గోడలు తప్ప ఏమీ మిగల్లేదు. ఐదో అంతస్తు వైపు తల ఎత్తి చూస్తే నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. నది ముఖద్వారం పక్కనే ఉన్న కెసెన్ మిడిల్ స్కూల్ నీరు పైకప్పు మీదుగా పోయిన భవనం. కానీ ఆ రోజు బడిలో ఉన్న పిల్లలంతా బతికారు. చేరమన్న చోటికి చేరి, అక్కడ ఆగకుండా ఇంకా పైకి నడిచారు. వ్యాయామశాలకూ ఈ బడికీ ఉన్న తేడా అంతా ఆ రెండో నడకలో ఉంది.

నదికి ఆ పక్క ఇమైజుమి పాత వీధికి ప్రత్యేకమైన చరిత్ర ఉంది. తొమ్మిది వందల ఏళ్లుగా జరుగుతోందని చెప్పే పోట్లాట తనబత పండుగ ఇక్కడిది. ఆగస్టు 7న అలంకరించిన బండ్లను అడవి తీగలతో కట్టి, ముందు పొడవాటి దుంగలు బిగించి, ఒకదానితో ఒకటి ఢీకొట్టిస్తారు. సునామీలో ఒక్క బండి మిగిలింది. అదే ఏడాది ఆగస్టులో ఆ ఒక్క బండితోనే పండుగ చేశారు. అదే వీధిలో 1807 నుంచి సోయా సాస్ కాచే యగిసవ దుకాణం ఉండేది. రెండువందల ఏళ్లుగా ఊరుతూ వచ్చిన పులియబెట్టిన పిండి పీపాలతో సహా కొట్టుకుపోయింది. పెరుగుకు తోడు పోయినట్టే అనుకున్నారు. పరిశోధన కోసం కమైషిలోని ఒక ప్రయోగశాలకు ముందే ఇచ్చిన కాస్త నమూనా, ఆ ప్రయోగశాల కూడా మునిగిన తరవాత బురదలో దొరికింది. ఆ తోడుతోనే మళ్లీ సాస్ కాచి 2014లో అమ్మకానికి పెట్టారు. దారి మజిలీ దుకాణంలో ఆ సీసా, హిరొత అఖాతపు గుల్లలు, తకత కల అనే పేరున్న బియ్యం దొరుకుతాయి.

కట్టకు సముద్రం వైపు ఇసుక తెచ్చి పోసి తీరాన్ని తిరిగి చేశారు. 2021 వేసవిలో ఈతకు తెరిచారు. 2017 నుంచి 2021 దాకా 40 వేల పైన్ మొక్కలు నాటారు. వాటిలో 10 వేలు పైన్ వనాన్ని కాపాడే సంఘం సభ్యులు, వాళ్ల పిలుపు విని వచ్చినవాళ్లు చేతులతో నాటినవి. వరసల మధ్య గాలికి అడ్డుగా దడులు కట్టారు. పాత వనంలో రాలిన కాయల నుంచి సునామీకి ముందు ఏరి దాచిన గింజలతో మొలకెత్తించిన మొక్కలు కూడా వీటిలో ఉన్నాయి. పాత ఎత్తుకు రావడానికి యాభై ఏళ్లు పడుతుందని అంచనా. నాటినవాళ్లలో చాలామంది పెద్దవాళ్లే.

ఊరి మరో అంచున కూడా చెట్లు నాటే పని ఇంకొకటి సాగుతోంది. అది ఉద్యానం హద్దులకు బయటి పని, అయినా ఉద్యానం చూసినవాళ్లు అదీ చూసి వెళ్లాలి. 2011లో అల ఎక్కడ ఆగిందో ఆ గీత వెంట పది మీటర్లకు ఒకటి చొప్పున చెర్రీ చెట్లు నాటాలని ఊరి యువకులు ఒక సంఘం పెట్టుకున్నారు. నగరం హద్దుల్లో ఆ గీత పొడవు సుమారు 170 కిలోమీటర్లు, కావలసిన చెట్లు 17 వేలు. 1933 తరవాత సన్రికు తీరమంతటా రాతి శాసనాలు పాతారు. భూమి కంపిస్తే పైకి పొమ్మని, ఫలానా చోటుకు కింద ఇల్లు కట్టవద్దని చెక్కారు. రాయి నాచు పట్టి, పొదల్లో కలిసిపోయి, చదివేవాళ్లు లేక మిగిలింది. చెర్రీ చెట్టు ఏడాదికొకసారి పూస్తుంది, నీళ్లు పోయాలి, కొమ్మ కత్తిరించాలి, చస్తే మళ్లీ నాటాలి, అందుకని మరిచిపోవడం కష్టమన్నది వాళ్ల ఆలోచన. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు కూడా నీరు వచ్చి ఆగిన చోటే, అవనిగడ్డ దగ్గర, చనిపోయినవాళ్లకు స్మారకం కట్టారు. గాలివాన తోసిన ఉప్పెనకూ భూకంపం లేపిన సునామీకీ పుట్టుక వేరు. అయినా అలకు హద్దు ఎక్కడో గుర్తుపెట్టుకోవాలన్న తపన రెండు తీరాలదీ ఒకటే.

గీత ఊరి పొలాల్లోంచి, పెరళ్లలోంచి, కొండ చరియల మీదుగా పోతుంది. ప్రతి చెట్టుకూ ఆ నేల యజమాని ఒప్పుకోవాలి. ఇప్పటికి నాటినవి కావలసిన వాటిలో కొంత భాగమే. ఏటా నవంబరులోనూ మార్చిలోనూ దేశం నలుమూలల నుంచి జనం వచ్చి గుంటలు తీస్తారు. ఏప్రిల్ నడుమ మెరక నేల మీది కొత్త వీధుల్లో నిలబడి కొండవైపు చూస్తే, వాలు మీద అక్కడో పది, ఇక్కడో ఇరవై చెట్లు తెల్లగా పూసి, తెగి తెగి ఉన్న గీత ఒకటి కనిపిస్తుంది.